అన్ని దానాల్లోకీ క్లిక్కుదానం మిన్న

నెల్లూరు, ప్రకాశం జిల్లాల దాతృత్వం గురించి రాయవలసినంత ఎవరూ రాయలేదు. నెల్లూరులో రేబాలవారి టౌన్‌హాలు గురించి చెబుతారు, సత్రాలు కట్టించినవారి గురించి, చలివేంద్రాలు పెట్టినవారి గురించి చెబుతారు. అవన్నీ కంటికి కనిపించే దానాలు. దాత పేరు పాలరాతి మీద చెక్కి ఉంటుంది, కింద వంశవృక్షం కూడా ఉంటుంది. అలాంటి ఆర్భాటం లేకుండా, ఇంట్లోవాళ్లకైనా చెప్పకుండా, రాత్రి అందరూ నిద్రపోయాక ఫోను వెలుతురులో చేసే దానం ఒకటి మన కాలంలో పుట్టింది. పుచ్చుకునేది గూగుల్. 2023లో ఆ సంస్థకు ప్రకటనల మీద వచ్చిన ఆదాయం సుమారు 23,800 కోట్ల డాలర్లు. అంతటి సంస్థకు కావలి నుంచీ సింగరాయకొండ నుంచీ కూడా చేయూత అందుతోందంటే, ఈ ప్రాంతంవాడిగా నాకు గర్వంగానే ఉంటుంది.

దానవిధి తెలియనివారి కోసం కొంచెం చెప్పాలి. ఇంకొకరి సరుకును ఇంటర్నెట్‌లో అమ్మిపెడితే కమీషన్ ఇస్తారు. దీన్ని అఫిలియేట్ మార్కెటింగ్ అంటారు. అమెజాన్ 1996లోనే ఈ పద్ధతి పెట్టింది. సరుకు మనది కాదు, గోడౌను మనది కాదు, పార్సిలు మోసేదీ మనం కాదు. కొనేవాణ్ణి తీసుకురావడం ఒక్కటే మన వంతు. అతన్ని తీసుకురావడానికి గూగుల్ దగ్గర కీవర్డ్లనే మాటలు కొనాలి. ఎవరైనా ఫలానా మాట వెతికినప్పుడు మన ప్రకటన కనిపిస్తుంది, నొక్కితే మన ఖాతాలోంచి డబ్బు పోతుంది. నొక్కినవాడు కొన్నాడా, చూసి పోయాడా అన్నది గూగుల్ అడగదు. అసలైన దాత కూడా అడగడు.

ఏ మాట కొన్నాడన్న దాంట్లోనే మనిషి గుణం బయటపడుతుంది. రొయ్యల గుంటల్లో నీళ్లు చిలికి గాలి కలిపే ఏరియేటర్లు అమ్మిపెట్టి నాలుగు రాళ్లు వెనకేసుకుందామనుకున్న ఒక కుర్రవాణ్ణి ఊహించుకోండి. సంకుచిత స్వభావం గలవాడైతే ‘రెండు హెచ్‌పీ ఏరియేటర్ ధర’ లాంటి నీరసమైన మాట కొనుక్కుని ఊరుకునేవాడు. మనవాడు ఏకంగా ‘రొయ్యలు’ కొన్నాడు. అదీ గూగుల్ తనంతట తానుగా పెట్టి ఉంచే బ్రాడ్ మ్యాచ్ పద్ధతిలో. అంటే, రొయ్యలతో కాస్తోకూస్తో చుట్టరికం ఉందని గూగుల్‌కు తోచిన ప్రతి ప్రశ్న దగ్గరా మనవాడి ఏరియేటర్ హాజరుకు సిద్ధంగా ఉంటుంది.

జనం నిజంగా ఏమి వెతుకుతూ వచ్చారో చూపించే సెర్చ్ టర్మ్స్ రిపోర్టు అనే చిట్టా ఒకటుంది. దాతలు దాన్ని తెరవరు. బంతిలో కూర్చున్నవాడి కులగోత్రాలు అన్నదాత అడుగుతాడా? నాబోటి పాపాత్ముడు ఎవరైనా తెరిస్తే అందులో కనిపించేవి ఇలా ఉంటాయి: రొయ్యల వేపుడు ఎలా చేయాలి. రొయ్యల్లో గోంగూర ఎప్పుడు వేయాలి. రొయ్యలు తింటే కొలెస్ట్రాల్ పెరుగుతుందా. రొయ్యల ఫ్యాక్టరీలో ఉద్యోగాలు. వంద కౌంట్ ధర ఈరోజు. కలలో రొయ్యలు కనిపిస్తే ఏమి జరుగుతుంది. వీళ్లలో వంద కౌంట్ ధర అడిగినాయనకు నిజంగానే గుంట ఉండవచ్చు. అయితే కిలోకి వంద తూగే చిన్న రొయ్య పట్టుకుని ధర వెతుకుతున్నాడంటే, ఆ పూట ఆయన ఏదైనా కొనే పరిస్థితిలో ఉన్నాడని చెప్పలేం. ఇక వేపుడు వాళ్ల సంగతి. పొయ్యి మీద నూనె కాగుతోంది, తడి వేలు పొరపాటున ప్రకటన మీద పడింది, తెర మీద నీళ్లు చిమ్ముతున్న యంత్రం ప్రత్యక్షమైంది, వంట చేసేవారు ఉలిక్కిపడి వెనక్కి వెళ్లిపోయారు. ఆ ఉలికిపాటు ఖరీదు 12 రూపాయలు. ఇచ్చినవాడికీ తెలియదు, కారణమైనవారికీ తెలియదు. గుప్తదానమంటే ఇదే.

వేపుడు, ఇగురు, గోంగూర, ఉద్యోగం, కల, ఉచితం వంటి మాటలు ఉన్నచోట నా ప్రకటన చూపవద్దని ముందే చెప్పుకునే సదుపాయం కూడా గూగుల్ ఇచ్చింది. వాటిని నెగెటివ్ కీవర్డ్లంటారు. మాటను ఉన్నదున్నట్టుగా వెతికినవారికే చూపించమనే ఎగ్జాక్ట్ మ్యాచ్ కూడా ఉంది, అయినా ఈ మధ్య దానిలోనూ దగ్గరి అర్థాలను కలుపుకొనే ఉదారత చొరబడింది. ఏది ఏమైనా గుమ్మం దాకా వచ్చినవాణ్ణి పేరు పెట్టి వద్దనడం మన మర్యాద కాదు. నెల్లూరులో భోజనానికి కూర్చున్నవాడిని ‘చాలు’ అననివ్వరు.

ప్రాంతం ఎంపికలోనూ అంతే. ‘నెల్లూరు’ అని ఎంచుకుంటే నెల్లూరులో ఉన్నవారికే కనిపిస్తుందనుకుంటాం. మార్చకుండా వదిలేస్తే, నెల్లూరు మీద ఆసక్తి చూపినవారందరికీ కనిపిస్తుంది. అంటే టెక్సాస్‌లో కూర్చుని చేపల పులుసు తలచుకుని కంట తడి పెడుతున్నాయనకూ మన రెండు హెచ్‌పీ ఏరియేటర్ వెళ్లి పలకరిస్తుంది. రోజుకు 500 రూపాయల లోపే ఖర్చు చేయమని హద్దు పెడితే, రద్దీ ఉన్న రోజున 1,000 దాకా తీసుకుని నెల మొత్తం మీద సర్దుకునే ఏర్పాటు కూడా ఉంది. పుచ్చుకునేవారికి ఆ మాత్రం చొరవ లేకపోతే దానం ముందుకు సాగదు.

ఇక్కడ లెక్కలు వేసే నీచులు కొందరు అడ్డు తగులుతారు. ఒక ఏరియేటర్ అమ్మితే 500 రూపాయల కమీషన్ వస్తుందనుకుందాం, నూరు మంది నొక్కితే ఒకరు కొంటారనుకుందాం, అప్పుడు ఒక క్లిక్కు విలువ ఐదు రూపాయలు, అంతకు మించి పెట్టేవాడు మూర్ఖుడు అంటారు. 12 చొప్పున పెట్టి నూరు క్లిక్కులకు 1,200 ఖర్చు చేసి 500 సంపాదించినవాడు 700 పోగొట్టుకున్నాడని వాళ్ల ఏడుపు. కాదు, 500 రూపాయల విరాళం సేకరించి, సొంతంగా మరో 700 కలిపి సమర్పించాడు.

ఈ ఉద్యమానికి గురువులు కూడా ఉన్నారు. ట్రంకు రోడ్డు మీది ఫ్లెక్సీల్లో చేతులు కట్టుకుని నిలబడి ఉంటారు. వీరి శిక్షణలో ముఖ్యమైన భాగం ‘ఖరీదైన కీవర్డ్ల జాబితా’. ఇన్సూరెన్సు, లోను, లాయరు, అమెరికాలో ఆస్బెస్టాస్ వల్ల వచ్చే మీసోథీలియోమా అనే క్యాన్సరు. ఆ క్యాన్సరు పేరు మీద అక్కడి లాయర్లు పోటీపడి వేలం పాడతారన్నది నిజమే. ఒక్కో క్లిక్కుకు ఇంత అంత కాదు. అందుకని, తన వెబ్‌సైటులో ఇతరుల ప్రకటనలకు చోటిచ్చి డబ్బు అందుకునేవాడికి ఇది పనికొచ్చే జాబితా. మన శిష్యులు అదే జాబితా తీసుకుని డబ్బు కట్టే వైపు వెళ్లి నిలబడతారు. ఎక్కువ ధర పలికే మాటలే కదా, ఎక్కువ లాభం ఇస్తాయనుకుంటారు. గురువుగారు సరిదిద్దరు. ఆయనకు ఫీజు అందింది.

నిజానికి వేలం మనకు కొత్త విద్య కాదు. ఒంగోలు, టంగుటూరు, కొండపి, పొదిలి పొగాకు వేలం కేంద్రాల్లో ఆకును వేళ్ల మధ్య నలిపి గ్రేడు చెప్పగలిగినవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ధర పెట్టేవాడు లేక బేలు ‘నోబిడ్’ అయితే రైతు దాన్ని తిరిగి ఇంటికి తోలుకుపోతాడు గానీ అడ్డమైన రేటుకు ఇవ్వడు. కంపెనీలు కుమ్మక్కయి ధర పెంచడం లేదని వేలం ఆపించి రోడ్డెక్కుతాడు. ఆ రైతు కొడుకే డాబా మీద కూర్చుని, ఎదుట పోటీ ఎవరో చూడకుండా, ఎవరూ అడగకుండా క్లిక్కు ధర 12 నుంచి 20కి పెంచుతాడు.

1998లో గోటూ అనే అమెరికా సంస్థ క్లిక్కుకింత అని మాటలను వేలానికి పెట్టినప్పుడు ఎక్కువ పాడినవాడిదే పైచోటు. 2002లో గూగుల్ ఈ వేలంలోకి వచ్చినప్పుడు ఒక మెలిక పెట్టింది. డబ్బుతో పాటు ప్రకటన పనికివచ్చేదా కాదా అని కూడా చూస్తుంది. ఇప్పుడు దానికి పదికి ఇన్ని అని మార్కులు వేసి చూపిస్తారు: జనం నొక్కే అవకాశం ఎంత, వెతికినదానికీ ప్రకటనకూ పొంతన ఉందా, నొక్కాక తెరుచుకునే పేజీలో సరైన విషయం ఉందా. పొంతన ఉన్నవాడు తక్కువ పాడి పైన నిలబడగలడు. కిందివాణ్ణి దాటడానికి ఎంత కావాలో సుమారుగా అంతే కడతాడు కూడా. వేపుడు అడిగినవారికి ఏరియేటర్ చూపించేవాడు ఆ పొంతన లేని లోటును నోట్లతో పూడ్చుకోవాలి. దాత పూడుస్తాడు.

అమెజాన్ పేరునే కీవర్డ్‌గా కొని, ఎలాగూ అక్కడికే పోతున్నవాణ్ణి పట్టుకుని కమీషన్ కొట్టాలని చూసే అతితెలివి కూడా కొందరికి ఉంది. అమెజాన్ నిబంధనలు దాన్ని నిషేధించాయి, తప్పు స్పెల్లింగులతో సహా. వీళ్ల గురించి ఇంతకన్నా రాయడం అనవసరం.

ఇంతటి త్యాగమయ వాతావరణంలో అల్లూరు వైపు ఒకాయన ఉన్నాడని విన్నప్పుడు నాకు బాధ కలిగింది. ఆయన కొనే మాటలు చూస్తే ఆవలింతలు వస్తాయి: ఏరియేటర్ గేర్‌బాక్సు ఆయిల్ సీలు, ఏరియేటర్ ఫ్యాను రెక్క విడిగా, గేర్‌బాక్సులో నీళ్లు దిగితే ఏమి చేయాలి. వాటిని నెలకు వెతికేవాళ్లే కొద్దిమంది. కానీ వెతికేవాడి గుంటలో అర్ధరాత్రి యంత్రం ఆగి ఉంటుంది, రొయ్యలు నీటిపైకి తేలుతుంటాయి, వాడు ధర అడగడు, ఎప్పుడు వస్తుందని అడుగుతాడు. తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరాల్లో జనం ఎన్ని తప్పులతో కొడతారో అన్నీ కూర్చుని రాసిపెట్టుకున్నాడట. క్లిక్కుకు నాలుగు రూపాయలు దాటడట. పంట విరామం వచ్చిన నెలల్లో ప్రకటనలు పూర్తిగా ఆపేసి, మిగిలిన డబ్బు తానే ఉంచుకుంటాడట.

పిసినారితనానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు. అయినా ట్రంకు రోడ్డు గురువుగారు పెద్దమనసుతో తన కొత్త బ్యాచి ప్రారంభోత్సవానికి ఆయనను ముఖ్య అతిథిగా పిలిచారు. శాలువా, జ్ఞాపిక, మధ్యాహ్నం భోజనం అన్నీ ఉంటాయన్నారు. ఆయన అంతా విని, వచ్చేవాళ్లలో సొంతంగా రొయ్యల గుంట ఉన్నవాళ్లు ఎంతమంది అని అడిగాడట.