చార్జింగ్ ఉన్నంతవరకే మనిషి

మా బావమరిది ఏటా చైనాలోని గ్వాంగ్‌జౌ వెళ్తాడు. 1957 నుంచి అక్కడ కాంటన్ ఫెయిర్ అనే వ్యాపార సంత జరుగుతోంది, ఏడాదికి రెండుసార్లు. అందులో ఎల్‌ఈడీ దీపాలు బేరమాడి వస్తాడు. వచ్చాక పెళ్లి గానీ, సంవత్సరీకం గానీ, పక్క విస్తరి ముందు ఎవరు కూర్చుంటే వాళ్లకి ఒకటే మాట చెప్తాడు: “చైనాలో జేబులో పైసా అక్కర్లేదండీ!” ఎదుటివాడి మొహంలో ఆశ్చర్యం కనిపించేదాకా పప్పు కలుపుకోడు.

ఈ మాట కనీసం నలభైసార్లు విన్నాను. చివరికి గత నవంబరులో స్వయంగా వెళ్లి పరిశీలించి వచ్చాను. బాధ్యత గల పౌరుడిగా ధ్రువీకరిస్తున్నాను: మా బావమరిది చెప్పింది అక్షరాలా నిజం. నా జేబులో 3,000 యువాన్లు ఉన్నాయి. మన లెక్కలో 37,000 రూపాయల పైమాటే. వాటితో ఒక గిన్నెడు నూడుల్స్ తినలేకపోయాను.

ఐదేళ్లు ఆగిపోయిన విమానాలు 2025 అక్టోబరులో కోల్‌కతా నుంచి గ్వాంగ్‌జౌకి మళ్లీ నేరుగా మొదలయ్యాయి కాబట్టి, ఇక మనవాళ్లు అటువైపు కూడా గుంపులుగా బయల్దేరతారు. వాళ్ల క్షేమం కోరి నాలుగు ముక్కలు.

ముందు ఫోను గురించి. పాస్‌పోర్టు సంగతి తర్వాత చూసుకోవచ్చు, అది ఫోనుకి తోడుగా తీసుకెళ్లే కాగితం మాత్రమే.

అక్కడ నీళ్ల సీసా కొనాలన్నా ఫోనులో డబ్బు కట్టడానికి వీచాటో అలీపేనో ఉండాలి. వీచాట్‌ని 2020 జూన్‌లో మన ప్రభుత్వం నిషేధించిన 59 యాప్‌లలో చేర్చింది. వాట్సాప్, గూగుల్, యూట్యూబ్‌లను వాళ్ల ప్రభుత్వం ఎప్పుడో మూసేసింది. అంటే ఇక్కడ ఫోనులో ఉండకూడనిది అక్కడ ఉండి తీరాలి, ఇక్కడ లేకపోతే ఊపిరాడనిది అక్కడ పలకదు. హిమాలయాల్లో ఇరుదేశాల సరిహద్దు ఎక్కడుందో ఇంకా తేలలేదు గానీ, ఫోనులో మాత్రం చాలా స్పష్టంగా గీశారు. మన సిమ్‌కి రోమింగ్ వేయించుకోండి. ఆ డేటా చుట్టూ తిరిగి మన నెట్‌వర్క్ మీదుగానే వస్తుంది కాబట్టి వాట్సాప్ పనిచేస్తుంది, బ్యాంకు ఓటీపీ కూడా వస్తుంది. ఊరికే వస్తుంది కదా అని అక్కడి వైఫై ముట్టుకుంటే, చాలాచోట్ల ముందు చైనా నంబరు అడుగుతుంది.

యాప్‌లో మన వీసా కార్డో మాస్టర్ కార్డో ఎక్కించుకోవచ్చు. అలీపేలో 200 యువాన్లు దాటిన చెల్లింపు మీద 3 శాతం రుసుము పడుతుంది. అందుకే మా బావమరిది 580 యువాన్ల భోజనం బిల్లుని మూడు ముక్కలు చేసి, మూడుసార్లు స్కాన్ చేసి కడతాడు. మిగిలింది 17 యువాన్లు. పోయింది, వెనక వరసలో నిలబడ్డ పదిమంది దృష్టిలో భారతదేశపు పరువు.

బీజింగ్‌లో నిషిద్ధ నగరం అనే రాజభవనం ఉంది. 1420 నాటికి కట్టడం పూర్తయింది, 24 మంది చక్రవర్తులు ఏలారు. మామూలు మనిషికి లోపల అడుగుపెట్టే యోగ్యత లేదు కాబట్టి ఆ పేరు. 1925లో దాన్ని మ్యూజియం చేసి ప్రజలకి తలుపులు తెరిచారు. తలుపులు ఇప్పటికీ తెరిచే ఉన్నాయి, కాకపోతే దారి ఫోనులోంచి పోతుంది. ఏడు రోజుల ముందు, రాత్రి ఎనిమిదింటికి టికెట్లు విడుదలవుతాయి. సోమవారం సెలవు. ఈ ఒక్క విషయంలో మాత్రం తెలుగువాడిని ఎవడూ కొట్టలేడు. తిరుమల మూడొందల రూపాయల దర్శనం కోటా విడుదలైన రోజున ఇంటిల్లిపాదీ నాలుగు ఫోన్లు ముందేసుకుని కూర్చుని రాటుదేలిన జాతి మనది. నాకు నిమిషంన్నరలో దొరికింది. నలభై యువాన్లు. గోవిందా అని కూడా అన్నాను, అలవాటు కొద్దీ.

భవనానికి ఎదురుగా ఉన్న తియానన్‌మెన్ మైదానానికీ ముందే బుక్ చేసుకోవాలి. మైదానానికండీ! ఎండలో నిలబడటానికి!

టెంపుల్ ఆఫ్ హెవెన్ అని ఇంకో చోటు ఉంది. అక్కడి మరుగుదొడ్లలో జనం కాగితం చుట్టలు ఇంటికి పట్టుకుపోతున్నారని 2017లో మొహం స్కాన్ చేసి కాగితమిచ్చే యంత్రాలు పెట్టారు. మొహం ఒక్కింటికి 60 సెంటీమీటర్లు. చాలకపోతే తొమ్మిది నిమిషాలు ఆగి మళ్లీ మొహం చూపించాలన్నారు. ఆ తొమ్మిది నిమిషాల లెక్క కట్టినవాడికి జన్మలో ఒక్కసారి కూడా విరేచనాలు పట్టుకుని ఉండవు. మనవాళ్లు చెంబు గురించి ఆశలు పెట్టుకోకండి. ఖాళీ నీళ్ల సీసా ఎప్పుడూ సంచిలో ఉంచుకోండి.

రైలు బాగుంది. బీజింగ్ నుంచి షాంఘై 1,318 కిలోమీటర్లు, నాలుగున్నర గంటల్లో దించాడు. ఒప్పుకుంటున్నాను, ఇక దాని గురించి అడక్కండి. శాకాహారుల కష్టాలు వేరే వ్యాసానికి సరిపోతాయి. బీన్స్ వేపుడు మీద పంది కీమా చల్లితే అది మాంసాహారం కిందికి రాదని నమ్మే హోటళ్లున్నాయి. మంచూరియా మాత్రం అడగొద్దు. అది పుట్టింది బొంబాయిలో.

ఇప్పుడు నూడుల్స్ సంగతికి వద్దాం.

చైనాలో ఊరి నుంచి ఊరికి విమానం ఎక్కబోతుంటే తనిఖీలో నా పవర్‌బ్యాంక్ పట్టుకున్నారు. 2025 జూన్ 28 నుంచి అక్కడి దేశీయ విమానాల్లో ‘3సీ’ ముద్ర లేని పవర్‌బ్యాంక్ తీసుకెళ్లకూడదు. 3సీ అంటే చైనా ప్రభుత్వపు ధ్రువీకరణ. నా దాని వెనక ‘మేడ్ ఇన్ చైనా’ అని ఉంది, 3సీ అని లేదు. వేలు పెట్టి చూపించాను. ఇది మీ పిల్లేనమ్మా, ఇక్కడే పుట్టింది, మీరే మా ఇంటికి పంపించారు. ఆ అమ్మాయి ఎంతో మర్యాదగా నవ్వి, ఎంతో మర్యాదగా దాన్ని పక్కనున్న డబ్బాలో పడేసింది. పుట్టింటికొచ్చిన ఆడపిల్లని గడప దగ్గరే ఆపేశారు.

అలా నిరాయుధుడిగా చోంగ్‌చింగ్‌లో దిగాను. ఇది కొండల మీద కట్టిన ఊరు. కట్టినవాళ్లకి నేల ఎక్కడుందో చివరిదాకా తెలిసినట్టు లేదు. లిజిబా స్టేషన్లో మెట్రో రైలు పందొమ్మిది అంతస్తుల భవనం కడుపులోంచి దూసుకుపోతుంది. హోంగ్యాదోంగ్‌లో కింది రోడ్డు మీంచి ఒకటో అంతస్తులోకి వెళ్లి, పదకొండో అంతస్తుకి ఎక్కి బయటికొస్తే అక్కడా కార్లు తిరుగుతున్న రోడ్డే. ఇలాంటి ఊళ్లో నేను మ్యాప్ పట్టుకుని హోటల్ వెతికాను. గూగుల్ మ్యాప్ కాదు. చైనాలో మ్యాపుల లెక్కే వేరు కాబట్టి అందులో మనం వీధిలో ఉంటే నదిలో ఉన్నట్టు చూపిస్తుంది. వాళ్ల మ్యాపే. నీలం చుక్క, ఎర్ర గుర్తు కలిసిపోయాయి. చేరుకున్నారు అంది. చేరుకున్న మాట నిజమే. హోటల్ నా కాళ్ల కింద పది అంతస్తుల లోతులో ఉంది.

గంటన్నర తిరిగాక ఒక చిన్న నూడుల్స్ కొట్టు కనిపించింది. నాలుగు బల్లలు. మెనూ కార్డు లేదు, బల్ల మీద క్యూఆర్ కోడ్ ఉంది. ఫోనులో చార్జింగ్ రెండు శాతం. కోడ్ మీదికి వంచాను. తెర వెలిగింది, నూడుల్స్ బొమ్మలు వరసగా వచ్చాయి, ఎర్ర నూనెలో తేలుతూ, పైన వేయించిన వేరుశనగపప్పుతో. ఒకదాని మీద వేలు పెట్టబోతుంటే ఫోను కళ్లు మూసింది.

సరే, డబ్బుంది కదా! వంద యువాన్ల నోటు తీసి కౌంటర్లో అమ్మాయికిచ్చాను. తవ్వకాల్లో దొరికిన రాగిరేకుని చూసినట్టు చూసింది. తిప్పి చూసింది. నోటు మీద మావో నన్నే చూస్తున్నాడు. గిన్నె ఖరీదు పన్నెండు యువాన్లు, ఆ పిల్ల దగ్గర చిల్లర లేదు. చిల్లర అనే వస్తువు ఆ కొట్లో ఎప్పుడైనా ఉందా అన్నది కూడా అనుమానమే. ప్రపంచంలో మొట్టమొదటి కాగితపు డబ్బు పుట్టింది ఆ పక్కనున్న సిచువాన్ ప్రాంతంలోనే, వెయ్యేళ్ల క్రితం, సాంగ్ వంశం కాలంలో. కనిపెట్టినవాళ్లే కదా, వాళ్లకి ముందు విసుగు పుట్టింది.

ఇక్కడ ఆ అమ్మాయి తెలివి మెచ్చుకోవాలి. నల్లబడిన నా ఫోనుని చూసింది. చక్కగా నవ్వి, గుమ్మం పక్కనున్న పెట్టె చూపించింది. అది అద్దె పవర్‌బ్యాంకుల పెట్టె. చైనాలో ప్రతి కొట్లోనూ ఉంటుంది. గంటకి మూడో నాలుగో యువాన్లు. ప్రాణం లేచొచ్చింది. దగ్గరికెళ్లాను. ఎనిమిది పవర్‌బ్యాంకులు పచ్చదీపాలతో నిండుగా చార్జయి ఉన్నాయి. తీసుకోవాలంటే ఏం చెయ్యాలి?

ఫోనుతో స్కాన్ చెయ్యాలి.

చచ్చిన ఫోనుకి ప్రాణం పొయ్యాలంటే ముందు ఆ ఫోనే లేచి వచ్చి సంతకం పెట్టాలి. అమ్మాయి కేసి చూశాను. ఆమె పెట్టె కేసి చూపించింది. నేను ఫోను చూపించాను. ఆమె మళ్లీ పెట్టె చూపించింది. ఇలా కాసేపు జరిగింది. చివరికి నన్ను కూర్చోబెట్టి ఒక గ్లాసు వేడినీళ్లు తెచ్చిచ్చింది. చైనాలో స్కాన్ చెయ్యకుండా దొరికేది వేడినీళ్లొక్కటే. ఊదుకుంటూ తాగాను. రెండో గ్లాసు కూడా తాగాను.

పక్క బల్ల దగ్గర పదేళ్ల పాపతో ఒకావిడ తింటోంది. ఈ మూకాభినయమంతా చూసి లేచి వచ్చింది. తన ఫోనుతో టిక్కున నా నూడుల్స్ చెప్పింది, టిక్కున పవర్‌బ్యాంక్ తీసిచ్చింది. వంద యువాన్లు చేతిలో పెట్టబోయాను. రెండు చేతులూ వెనక్కి పెట్టేసుకుంది. మంచితనం ఒకటి, అసలు ఆ కాగితంతో ఆవిడేం చేసుకుంటుంది? పాప అప్పటికే తినేసింది, అయినా వాళ్లు కదల్లేదు. నేను పవర్‌బ్యాంక్‌తో ఉడాయిస్తే ఆవిడ ఖాతాలో 99 యువాన్లు పడతాయి మరి. పాపం నేను తింటున్నంతసేపూ తల్లీకూతుళ్లు నాకు కాపలా కూర్చున్నారు. నూడుల్స్ ఎలా ఉన్నాయంటే, కారం గుంటూరుదాకా తెలుస్తోంది.

నేను పన్నెండు రోజుల యాత్రికుణ్ణి. నా కష్టానికి మీరు నవ్వినా తప్పులేదు, నేనూ నవ్వాను. కానీ అక్కడే పుట్టి అక్కడే ముసలైనవాళ్ల సంగతేమిటి? 2020 నవంబరులో హూబే రాష్ట్రంలోని గ్వాంగ్‌షుయిలో 94 ఏళ్ల ముసలమ్మని సోషల్ సెక్యూరిటీ కార్డు పని మీద బ్యాంకుకి తీసుకొచ్చారు. యంత్రం మొహం చూడాలంది. ఆవిడ నిలబడలేదు. ఇంట్లోవాళ్లు ఆవిడని పట్టుకుని పైకెత్తి, మోకాళ్లు వంగిపోతుంటే అలాగే గాల్లో ఉంచి, యంత్రానికి మొహం చూపించారు. ఆ వీడియో చైనా అంతా చూసింది. క్షమాపణలు చెప్పారు. ముసలివాళ్లకి పాత పద్ధతులూ ఉంచండని ఆ నెలలోనే ప్రభుత్వం ఆదేశమిచ్చింది. నగదు వద్దనడం తప్పని అక్కడి కేంద్రబ్యాంకు కొందరికి జరిమానాలు కూడా వేసింది. మంచిదే. కానీ ఆ రోజు ఆ గదిలో కుర్చీలో కూర్చున్న మనిషి ఒక్కడు లేచి రాలేకపోయాడా? తొంభై నాలుగేళ్ల మొహాన్ని తన కళ్లతో చూసి, ఈవిడ ఈవిడేనని రాయలేకపోయాడా? కళ్లు దేనికిచ్చాడు దేవుడు?

ఇదంతా మా బావమరిదికి చెప్తే, “టెక్నాలజీ అన్నాక ఇలాంటివి ఉంటాయి బావా, మన దగ్గర ఎప్పుడొస్తుందో!” అన్నాడు. ఎప్పుడో వచ్చిందిరా. మన ఊళ్లో రేషన్ షాపు ముందు నిలబడి చూడు. యాభై ఏళ్లు నాట్లు వేసి, కలుపు తీసి, అంట్లు తోమి అరిగిపోయిన ముసలమ్మ వేళ్లు. యంత్రం మీద పెడితే పడవు. తుడిచి పెట్టమంటాడు. చెంగుతో తుడిచి పెడుతుంది. పడవు. రేపు రమ్మంటాడు. పుట్టినప్పటినుంచీ ఆ వీధిలోనే ఉన్న మనిషిని, పేరు పెట్టి పిలిచే మనిషిని, నువ్వు నువ్వో కాదో తేలలేదు, రేపు రా అంటాడు. బియ్యం బస్తా అక్కడే ఉంది, ఆవిడా అక్కడే ఉంది. నీకిది ఇంకా కావాలా?

అంత గట్టిగా అనకుండా ఉండాల్సింది. గృహప్రవేశం భోజనాలు అవి. మా ఆవిడ దూరం నుంచి కళ్లురిమింది. బావమరిది మాట్లాడకుండా పెరుగన్నం తిని చెయ్యి కడుక్కోవడానికి వెళ్లాడు. నేనూ వెళ్లాను. కుళాయి దగ్గర ఎవరూ లేకుండా చూసి, గొంతు తగ్గించి అడిగాడు:

“బావా, ఆ మూడు వేల యువాన్లూ ఏం చేశావ్? మార్చేశావా?”

“లేదు, ఉన్నాయి. ఏం?”

“ఏప్రిల్లో ఫెయిర్‌కి వెళ్తున్నా. ఇటియ్యవా? ఎందుకైనా మంచిది, జేబులో ఉంటాయి.”