లూకాస్‌ను తిట్టే ముందు ఎర్త్ చూడండి

పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారులో ఒక లైటు వెలగకపోతే చాలు, ఇంగ్లండులో అందరి నోటా ఒకటే మాట వస్తుంది: "లూకాస్ కదా, అంతే మరి." ఆ కార్లలోని విద్యుత్ సామాను చాలావరకు లూకాస్ కంపెనీదే. 19వ శతాబ్దంలో బర్మింగ్‌హాంలో సైకిలు దీపాలు చేసి పేరు తెచ్చుకున్న జోసెఫ్ లూకాస్‌కు ఈ దేశం అంటగట్టిన బిరుదు 'చీకటి యువరాజు'. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. 14 నెలల పాటు 1966 నాటి ఎంజీబీ డ్యాష్‌బోర్డు కింద వెల్లకిలా పడుకుని, ఒక్కొక్క తీగా తడిమి చూసిన తరువాత చెబుతున్నాను. ఆ కారును నడవనివ్వకుండా చేసిన లోపాల్లో కర్మాగారం నుంచి వచ్చినది ఒక్కటి కూడా లేదు. అన్నీ తరువాత చేతులు పెట్టినవాళ్లు తెచ్చిపెట్టినవే.

ఎంజీబీ గురించి తెలియనివారికి రెండు ముక్కలు. 1962 నుంచి 1980 దాకా ఆక్స్‌ఫర్డ్ దగ్గరి అబింగ్డన్‌లో తయారైన స్పోర్ట్స్ కారు ఇది. 5 లక్షలకు పైగా చేశారు. నాది పైకప్పు మడిచే రకం. ఇంజను 1798 సీసీ. మన అంబాసిడర్‌లో ఏళ్ల తరబడి నడిచిన 1489 సీసీ పెట్రోలు ఇంజను కూడా ఇదే కుటుంబానిది. బానెట్ ఎత్తిన మొదటి రోజే విజయవాడ ఆటోనగర్‌లో మా నాన్న దుకాణం ముందు నిలబడినట్టు అనిపించింది. నాన్న 30 ఏళ్లు అక్కడ ఆటో ఎలక్ట్రీషియన్‌గా పనిచేశారు. బడి సెలవుల్లో ఆయన పక్కన కూర్చుని టెస్ట్ ల్యాంపు పట్టుకున్నవాణ్ణి నేను.

కారు కొన్నప్పుడు ఎర్ర రంగు అద్దంలా మెరుస్తోంది. చేతిలో ఒక వర్క్‌షాపు ఇచ్చిన పెద్ద బిల్లు కూడా పెట్టారు. 'లోపలి భాగం, ఎలక్ట్రికల్ పని సంపూర్ణ పునరుద్ధరణ' అని ఉంది అందులో. డబ్బు చెల్లించి, నవంబరు సాయంత్రం ఇంటికి బయలుదేరాను. బ్రేకు తొక్కినప్పుడల్లా ఎడమ ఇండికేటరు మసకగా వెలుగుతోందని వెనక వచ్చిన లారీ డ్రైవరు కిటికీ దించి చెప్పాడు. మరో 10 మైళ్లు వెళ్లేసరికి వాసన వచ్చింది. కాలుతున్న ప్లాస్టిక్ వాసన ఒకసారి ముక్కుకు తగిలితే మనిషి జన్మలో మరిచిపోడు. డ్యాష్‌బోర్డు కింద నుంచి సన్నగా పొగ లేచింది. ఈ కారులో బ్యాటరీలు సీట్ల వెనక నేల కింద ఉంటాయి, 6 వోల్టులవి రెండు. రోడ్డు పక్కన ఆపి, చీకట్లో సామాను తీసి, తివాచీ లాగి, మూత మరలు విప్పి తీగ పీకే లోపు నా గుండె ఎంత వేగంగా కొట్టుకుందో నాకే తెలుసు. పక్క సీట్లో నా కూతురు ఉంది.

అందుకే ఈ విషయం నాకు వినోదం కాదు.

మరునాడు పగటి వెలుగులో చూశాను. కర్మాగారం వేసిన తీగలు నూలు అల్లిక చుట్టుకుని, మురికి పట్టినా, ఇంకా చక్కగా కట్ట కట్టినట్టే ఉన్నాయి. వాటి మీద జలగల్లా పట్టుకుని నీలి రంగు ప్లాస్టిక్ క్లిప్పులు, లెక్కపెడితే 17. తీగ తెంచకుండా మరో తీగ తగిలించడానికి వాడేవి అవి. పని తొందరగా అయిపోతుంది, నిజమే. కానీ లోపలి రేకు రాగి పోగులను కోస్తుంది, ఆ కోతలోంచి తేమ చేరుతుంది, రాగి పచ్చబడుతుంది, నిరోధం పెరిగి వేడెక్కుతుంది. ఒక చోట ఇంట్లో స్పీకర్లకు వాడే సన్నని తీగ పొగమంచు దీపాలకు వేసి ఉంది. పొగ వచ్చింది దాని నుంచే. ఆ కాలపు ఎంజీబీకి ఉన్నవి రెండే ఫ్యూజులు. అందులో ఒకదానికి వెండి కాగితం చుట్టారు! ఫ్యూజు కాలిపోతుంటే ఎందుకు కాలుతోందో వెతకాల్సిన మనిషి, దాని నోరు నొక్కేశాడు.

ఫ్యూజు మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి చెప్పాలి. పాత బ్రిటిష్ ఫ్యూజు మీద 35 అని ఉంటే అది కాలిపోయే విలువ. ఎడతెగకుండా మోయగలిగేది 17 ఆంపియర్లే. ఈ భేదం తెలియక ఈనాటి 35 ఆంపియర్ల ఫ్యూజు తెచ్చి పెడితే తీగ కాలిన తరువాత కూడా ఫ్యూజు క్షేమంగా ఉంటుంది.

ఆ ఆదివారం నాన్నకు వీడియో కాల్ చేసి ఫోను డ్యాష్‌బోర్డు కిందికి తిప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

"ఆ గోధుమ రంగు తీగ బ్యాటరీ నుంచి నేరుగా వస్తుంది. దానికి ఫ్యూజు ఉండదు. బ్యాటరీ విప్పావా?"

"విప్పాను నాన్నా."

"తెలుపు, తాళం తిప్పితే వచ్చేది. ఆకుపచ్చ, అదే కరెంటు ఫ్యూజు దాటాక. ఊదా రంగుది తాళంతో పని లేనిది, హారనుకు పోతుంది. నలుపు ఎర్త్, కరెంటు తిరిగి పోయే దారి. అంబాసిడర్‌కూ ఇంతే కదరా! ఇంత చక్కగా రంగులు పెట్టి ఇస్తే ఎవడు పాడుచేశాడు దీన్ని?"

ఇంగ్లండు గడ్డ మీద ఎన్నడూ కాలు పెట్టని మనిషి ఆయన. 1961లో మద్రాసులో లూకాస్-టీవీఎస్ మొదలయ్యాక ఆ పేరున్న డైనమోలు, సెల్ఫ్ మోటార్లు మన ఆటోనగర్లలో ఎన్ని వేల చేతుల్లో విప్పుకుని మళ్లీ కూర్చుకున్నాయో! వాటిని చీకటి యువరాజు సరుకు అని ఎవరూ తిట్టలేదు. కార్బన్ బ్రష్షులు మార్చి, కమ్యుటేటరు గరుకు కాగితంతో రుద్ది, మరో పదేళ్లు నడిపించారు.

ఇక ఆ బ్రేకు, ఇండికేటరు సంగతి. దీన్ని కాస్త నిదానంగా చెబుతాను, ఎందుకంటే నా వాదనంతా ఇందులోనే ఉంది. ఎంజీబీ వెనక దీపాలకు ఎర్త్ ఆ దీపాన్ని బిగించిన బోల్టుల ద్వారా కారు ఒంటికి అందుతుంది. కారు ఒళ్లే తిరుగు తీగ అన్నమాట. వర్క్‌షాపువాళ్లు దీపాలు విప్పి, కింద ఇనుము మీద దళసరిగా మూడు నాలుగు పూతల రంగు కొట్టి, ఆ రంగు మీదే మళ్లీ దీపాలు బిగించారు. రంగు విద్యుత్తును పోనివ్వదు. బ్రేకు బల్బులోకి వచ్చిన కరెంటుకు బయటికి దారి లేదు. అప్పుడది పక్కనున్న ఇండికేటరు బల్బు తీగలోంచి ఎదురెక్కి, ఆ వైపు తీగలు పట్టుకుని, మరో చోట ఎర్త్ వెతుక్కుంటూ పోతుంది. అందుకే బ్రేకు తొక్కితే రెండూ మసకగా వెలిగాయి. అంటే, కొనేవాడి కళ్లకు కట్టిన ఆ మెరిసే ఎర్ర రంగే దీపాన్ని చంపింది. బోల్టు వాషరు కూర్చునే చోట రూపాయి బిళ్లంత మేర రంగు గీకి, ఇనుము తళుక్కుమన్నాక కాస్త గ్రీజు పూసి బిగించాను. 10 నిమిషాలు పట్టింది. బిల్లులో ఇదే లోపానికి 'లూకాస్ స్విచ్చి మార్పు' అని వసూలు చేశారు.

ఇంజను వేగం చూపే మీటరు కథ ఇంకా అన్యాయం. అది లూకాస్‌ది కూడా కాదు, స్మిత్స్ కంపెనీది. ఇగ్నిషన్‌కు పోయే తెల్ల తీగ దాని వీపు మీద ఒక చుట్టు చుట్టుకుని పోతుంది. ఆ తీగలో కరెంటు తెగి కలిసినప్పుడల్లా లెక్క పెట్టుకుంటుంది. 1967 దాకా వచ్చిన ఎంజీబీలలో కారు ఒంటికి కలిపేది బ్యాటరీ ప్లస్ కొన. ఎవరో కొత్త రేడియో పెట్టుకోవడానికి దాన్ని మైనస్‌కు మార్చారు. మార్చినవాళ్లు మీటరు లోపలి కనెక్షన్లు, ఆ తెల్ల తీగ చుట్టు దిశ కూడా మార్చాలి. మార్చలేదు. ముల్లు సున్నా దగ్గరే కూలబడింది. 'మీటరు పాడైంది, ఆ కాలపు నాణ్యత అంతే' అని బిల్లులో రాసి వదిలేశారు. నేను రేడియో తీసేసి, బ్యాటరీ తీగలు తిరిగి మొదటి పద్ధతిలో కలిపి, డైనమో ఫీల్డు కొనకు బ్యాటరీ నుంచి తీగ ఒక్క క్షణం తాకించి దాని ధ్రువాలు మళ్లీ సరిచేశాను. ఇంజను స్టార్టు చేయగానే ముల్లు లేచి 800 దగ్గర సన్నగా వణుకుతూ నిలబడింది. ఆ కదలికను చూస్తూ ఎంతసేపు కూర్చున్నానో!

లూకాస్ చేసినదంతా బంగారమని నేను అనడం లేదు. హెడ్‌లైట్లకు ఫ్యూజు లేకపోవడం తప్పే. గోధుమ తీగ ఎక్కడైనా ఒరుసుకుంటే ఆపేవాడు లేడు. అందుకని హెడ్‌లైట్లకు విడిగా ఫ్యూజులు, సీటు వెనక చేతికి అందే చోట బ్యాటరీ స్విచ్చి పెట్టాను. నంబరు ప్లేటు దీపానికి పోయే తీగ పైపూత పెళుసెక్కి రాలుతుంటే ఆ ముక్క మొత్తం కొత్తది వేశాను. పెళుసెక్కిన తీగను పాతదనే మమకారంతో ఉంచుకోకూడదు. కానీ మిగతాదంతా? తీగల కొనలను కలిపే బుల్లెట్ కనెక్టర్ల తొడుగులు తుప్పు పట్టాయి, అంతే. తొడుగు పావలా ఖరీదు వస్తువు. ఇత్తడి కొనలు రుద్ది, కొత్త తొడుగులు వేసి, తేమ చేరకుండా గ్రీజు పూస్తే మరో 50 ఏళ్లు ఢోకా లేదు. ఆ ఒక్క పనికే నాకు ఆరు వారాంతాలు పట్టాయి. వర్క్‌షాపులు చేయనిది ఇదే. దీనికి ఓపిక కావాలి, చూపించుకోవడానికి ఏమీ మిగలదు.

సీట్ల విషయంలోనూ ఇదే బుద్ధి. ఆ కాలపు ఎంజీబీ సీట్లలో మనిషి ఆనుకునే భాగం అసలైన తోలు, పక్కలు రెగ్జిన్. నల్ల తోలు, అంచుల వెంట తెల్ల పైపింగ్. బిల్లులో చెప్పిన 'పునరుద్ధరణ' ఏమిటంటే, పగుళ్ల మీద నల్ల రంగు కొట్టడం. రెండో వారానికే ఆ రంగు పెచ్చులు పెచ్చులుగా నా ప్యాంటుకు అంటుకుంది. పై పొర తీసి చూస్తే లోపలి స్పాంజి గోధుమ పొడిలా రాలిపోయింది. అడ్డదారి ఏమిటంటే, కొత్త తొడుగులు పెట్టెలో పెట్టి అమ్ముతారు. ఈ కారుకు దొరకని వస్తువు లేదు, 1988 నుంచి మొత్తం కారు ఒళ్లే కొత్తగా తయారుచేసి అమ్ముతున్నారు. అన్నీ దొరకడమే ఈ కారుకు శాపం కూడా అయింది. ఏది పాడైనా బాగుచేద్దామన్న ఆలోచన ఎవరికీ రాదు.

నేను సీట్లు పట్టుకుని వాల్సాల్ వెళ్లాను. గుర్రపు జీన్ల తయారీకి పేరుపడ్డ ఊరు అది. అక్కడ రిటైరైన పెద్దాయన ఒకరు, జీవితమంతా జీన్లు కుట్టినవారు, నాలుగు శనివారాలు నాకు కుట్టు నేర్పారు. ఒకే దారం, రెండు కొనలకు రెండు సూదులు. ఒకే రంధ్రంలోంచి ఎదురెదురుగా రెండూ దూరుతాయి. ఒక కుట్టు తెగినా పక్క కుట్లు ఊడవు. కొత్త రంధ్రం పొడవనివ్వలేదు ఆయన. పాత రంధ్రాలు ఉన్నాయి కదా, తోలును ఇంకోసారి ఎందుకు గాయపరచాలి అన్నారు. పగుళ్ల వెనక నుంచి గుడ్డ అతికించి, స్పాంజి కొత్తది పోసి, పాత దారిలోనే కుట్టాం. డ్రైవరు సీటు కుడి అంచున, ఎన్నో తొడలు ఒరుసుకుని నున్నబడ్డ చోటు అలాగే ఉంది. దాని మీద రంగు వేయనివ్వలేదు.

తివాచీలు మాత్రం పారేశాను. నీళ్లు పీల్చి నేలను తుప్పు పట్టిస్తున్నాయి, వాటి మీద ఏ ప్రేమా లేదు.

ఇప్పుడు అసలు నన్ను భయపెడుతున్న సంగతి. బ్రిటన్‌లో 40 ఏళ్లు దాటిన కార్లకు, పెద్ద మార్పులు చేయకపోతే, బండి రోడ్డు మీద నడపడానికి క్షేమమా కాదా అని ఏటేటా చూసే ఎంఓటీ పరీక్ష 2018 మే నుంచి తప్పనిసరి కాదు. అంటే వెండి కాగితం చుట్టిన ఫ్యూజుతో, స్పీకరు తీగతో, నా కూతురు కూర్చున్న ఆ కారును ఏ అధికారీ చూడాల్సిన పని లేదు. బిల్లులోని 'సంపూర్ణ' అన్న మాటే దానికి సాక్ష్యం. ఈ మినహాయింపు తప్పని నా గట్టి అభిప్రాయం. పాత కారు యజమానులు శ్రద్ధగలవారని చట్టం నమ్ముతోంది. శ్రద్ధగలవారు ఉన్నారు, కాదనను. కానీ కారు కింద పడుకుని చూడని యజమానికి, తను శ్రద్ధగానే ఉన్నానని బిల్లు చూసే అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది.

కొనాలనుకునేవారు ఎవరైనా ఉంటే, రంగు చూడకండి. పగటిపూట టార్చి పట్టుకుని డ్యాష్‌బోర్డు కింద తల పెట్టండి. నీలి క్లిప్పులు కనిపిస్తే ధర మాట్లాడే ముందు అవి ఎవరు వేశారో అడగండి. వెనక దీపాలు, బ్రేకు, ఇండికేటరు మూడూ ఒకేసారి వేయించి చూడండి. ఒక్కొక్కటిగా వేస్తే ఎర్త్ లోపం కొన్నిసార్లు బయటపడదు.

మొన్న బుధవారం పరీక్షకు తీసుకువెళ్లాను. "దీనికి అవసరం లేదు కదా, ఎందుకు వచ్చారు?" అని అడిగాడు పరీక్షించే కుర్రాడు. చూడండి, అన్నాను. నేను లోపల కూర్చుని లైట్లు వేసి, బ్రేకు తొక్కిపట్టి, ఎడమ ఇండికేటరు వేశాను. అతను వెనక్కి వెళ్లి వంగి చూశాడు. అద్దంలో అతని ముఖం మీద ఎర్ర వెలుగు కదలకుండా నిలిచింది, పక్కన నారింజ రంగు ఒక్కటే ఆరి వెలుగుతోంది.