పాటల యాప్ గారికి, మడపాం టోల్‌గేటు నుంచి

మహారాజశ్రీ పాటల యాప్ గారికి,

ఉభయకుశలోపరి. మొన్న ఆదివారం నాన్నని కారులో ఎక్కించుకుని విజయనగరం నుంచి ఇచ్ఛాపురం పెళ్లికి బయల్దేరాను. దాదాపు 200 కిలోమీటర్లు. దానికోసం వారం రోజులు రాత్రిళ్లు కూర్చుని 40 పాటలు ఏరి, ఒక వరసలో పెట్టి, దారిలో సిగ్నల్ ఉంటుందో ఉండదోనని డౌన్‌లోడ్ కూడా చేసుకున్నాను. నా ముందుజాగ్రత్త చూసి తమరు ఎంత నవ్వుకున్నారో!

మడపాం టోల్‌గేటు దగ్గర ఫాస్టాగ్‌లో డబ్బులున్నాయి, గేటు లేచింది. సరిగ్గా అప్పుడే మీ గేటు పడింది. నా కార్డు గడువు అయిపోయిందట, ఈ నెల చందా పడలేదట. డౌన్‌లోడ్ చేసిన 40 పాటలూ బూడిదరంగుకి తిరిగాయి. పోనీ ఊరికే వినండి అని దయతలచి, నా వరసని పేకముక్కల్లా కలిపేసి, మధ్యమధ్యలో మీకు నచ్చినవి దూర్చారు.

నాన్న ఉలిక్కిపడ్డాడు. "ఏట్రా, మన పాటల మధ్యన ఈడెవుడు?"

ప్రకటనలు సరే, బస్టాండులోనూ వింటాం. ఘంటసాల మధూకరం చేసుకుంటూ, అంటే ఇంటింటా అన్నం అడిగి తింటూ, సంగీతం నేర్చుకున్న ఊరు మాది, సుశీల పుట్టిన ఊరు మాది. భాష తెలుగు అని నొక్కి మరీ చెప్పినా "మీ కోసమే" అంటూ పంజాబీ బారాత్ పాట వినిపించారు. అదీ క్షమించాను. వరస మార్చారు చూశారా, అది మాత్రం గొంతు దిగడం లేదు.

నాన్న అంబాసిడర్ ట్యాక్సీ నడిపేవాడు. పాటల పేర్లు కాగితం మీద రాసి కోట దగ్గర రికార్డింగ్ షాపులో ఇచ్చేవాడు. 90 నిమిషాల క్యాసెట్టు, పక్కకి 45. "పది పడతాయి, పదకొండోది మధ్యలో తెగిపోద్ది, తీసెయ్యనా?" అనేవాడు షాపాయన. "తెగినంత తెగనీ, ఉండనీ" అనేవాడు నాన్న.

ఆ వరస ఊరికే వేసింది కాదు. రణస్థలం దాకా హుషారు పాటలు. శ్రీకాకుళంలో టిఫినయ్యాక మెలోడీలు, వెనక సీటులో వాళ్లు కునుకు తీసేందుకు. రాత్రి తిరుగు ప్రయాణానికి బి సైడు నిండా డప్పు పాటలు, తను కునుకు తీయకుండా ఉండేందుకు. ఒక పాట ఆఖరి ముక్క పడుతుండగానే తర్వాతిదాని ఎత్తుగడ మా నోట్లోకి వచ్చేసేది. నీకేం తెలుసు? నాకేం ఇష్టమో లెక్కలు కట్టి చెబుతావే, నాన్నకి టెక్కలి దాటాక నిద్రొస్తుందని నీ లెక్కలో ఉందా?

క్యాసెట్టు అంచున రెండు బుల్లి రెక్కలుండేవి. వాటిని విరిచేస్తే దానిమీద ఇంకో పాట ఎక్కదు. ఇంటికి రాగానే స్క్రూడ్రైవరుతో టక్కున విరిచేసేవాడు నాన్న. అంతే, ఇక ఆ పాటలు మావి. టేపు నలిగి బయటికొస్తే పెన్సిలు దూర్చి తిప్పుకునేవాళ్లం. చందా పడలేదని పాట లాక్కుపోయే మొనగాడు ఎవడూ లేడు. మూడేళ్లుగా నీకు డబ్బులు కడుతున్నాను. నా దగ్గర ఏముందిరా? ఒక్క పాట ఉందా నాదని?

టెక్కలి దగ్గర నాన్నే నీ నోరు నొక్కేశాడు. తనే ఎత్తుకున్నాడు. గొంతు కీచుగా ఉంది, శ్రుతి లేదు, వరస మాత్రం ఒక్కటి తప్పలేదు. పలాస జీడితోటలు దాటుతుండగా పదకొండో పాటకి వచ్చాడు. పల్లవి, మొదటి చరణం, రెండో చరణంలో సగం. ఠక్కున ఆపేశాడు.

"మిగతాది?" అన్నాను.

"అక్కడికి టేపు అయిపోనాది కదరా" అన్నాడు.

ఇట్లు,
తమ చందాదారుడు

తా.క.: కొత్త కార్డు నంబరు ఎక్కించాను. పదకొండో పాట చివరిదాకా విందామని. నాన్నకి చెప్పకు.