నేస్తమైనా సరే, నోటితో చెప్పాల్సిందే

ఒకాయన ఆస్తి అమ్మేశాడు. ఇశ్రాయేలు గడ్డకు వెళ్ళి స్థిరపడదామన్న ఉద్దేశంతోనే అమ్మాడు, కానీ అమ్మేటప్పుడు ఆ ముక్క బయటపెట్టలేదు. యూదుల ధర్మశాస్త్ర చర్చల గ్రంథం తాల్ముద్‌లో పండితుడు రావా తీర్పు ఒక్క మాటే: మనసులోని మాటలు మాటలు కావు. అమ్మకం నిలిచింది. నిలవాల్సిందే కూడా. అమ్మినవాడి గుండెలో ఏముందో కొన్నవాడికి ఎలా తెలుస్తుంది?

ఇది గుడ్డి చట్టం కాదు. పరదేశం పోయిన కొడుకు చనిపోయాడని విని తండ్రి ఆస్తంతా ఇతరులకు రాసిచ్చాడు. తర్వాత కొడుకు తిరిగొచ్చాడు. బతికున్నాడని తెలిస్తే ఇచ్చేవాడే కాదు కనుక ఆ దానం చెల్లదన్నారు రబ్బీ షిమోన్ బెన్ మెనాస్యా. అక్కడ షరతు తండ్రి మనసులో మాత్రమే లేదు, చూసిన ప్రతివాడికీ తెలుసు. చెప్పని షరతుకు చెల్లుబాటు ఆ మేరకే.

స్నేహితుల విషయంలో ఈ గీత ఎంత పదునుగా గీశారో చూడండి. నేస్తం పెళ్ళికి తెచ్చిన సొమ్ము షుష్బీనుత్. 'నా పెళ్ళికి తిరిగివ్వు' అని ఎవరూ అనరు. అయినా తాల్ముద్‌కు మూలమైన ధర్మసంహిత మిష్నా ప్రకారం కోర్టుకెళ్ళి రాబట్టుకోవచ్చు. అదే నేస్తం పంపిన ద్రాక్షసారా కూజాలు, నూనె కూజాలు మాత్రం రాబట్టలేరు. అవి దయతో ఇచ్చినవి. చదివింపుల పుస్తకం దాచుకునే మన ఇళ్ళకు ఈ తేడా విడమరచి చెప్పనక్కర్లేదు. షుష్బీనుత్‌కు వడ్డీ లేదు, ఏడో ఏట అప్పులు రద్దుచేసే యూదు నియమం వర్తించదు, ఇచ్చినవాడింట్లో పెళ్ళి వచ్చేదాకా గడువు రాదు. సొమ్ము అందుకుని, ఊళ్ళోనే ఉండి, ఇచ్చినవాడింటి పెళ్ళి డప్పు విని కూడా విందుకు రానివాడు మొత్తం కట్టాలి. కబురందక రాలేకపోయినవాడు నిష్ఠూరమాడవచ్చు గానీ కట్టక తప్పదు, తినని భోజనం ఖర్చు మాత్రం మినహాయించుకుంటాడు. దానికీ తాల్ముద్ పండితుడు అబయె లెక్క చెప్పాడు: ఒక జూజ్ (వెండి నాణెం) దాకా తెచ్చినది తిండికే సరి, నాలుగు దాకా సగం కట్టాలి, ఆపైన మనిషి హోదాను బట్టి.

స్నేహంలో ఈ లెక్కలేమిటని నొచ్చుకునేవారుంటారు. దయకు చోటు ఆ కూజాల్లో ఉంది. లెక్క ఉన్నచోట లేనట్టు నటించడమే స్నేహాన్ని చంపేది.

మన చేబదుళ్ళు చెడేది ఇక్కడే. ఓ శుక్రవారం, సబ్బాతు (యూదుల విశ్రాంతి దినం) చీకటి పడే వేళ, చిన్న పొలం ముక్క బేరానికొచ్చింది, పది జూజ్‌లు పంపమని పండితుడు రవ్ అషి తోటి పండితుడు రవీనాకు కబురు చేశాడు. సాక్షులను పిలిచి పత్రం రాద్దాం అన్నాడు రవీనా. 'నాకు కూడానా?' 'తమరికైతే మరీను. చదువులో మునిగి మరచిపోతారు, శాపం నా నెత్తికొస్తుంది.' పుచ్చుకున్నవాడు మరచి కాదంటే, అడిగినవాడినే ఊరు అబద్ధాలకోరంటుంది కదా. అందుకే 12వ శతాబ్దంలో యూదు ధర్మశాస్త్రవేత్త మైమోనిడీస్ దీన్ని నియమంగానే రాశాడు: తాకట్టు ఉంటే తప్ప, పండితుడికైనా సాక్షులు లేకుండా అప్పివ్వరాదు, పత్రం రాయించుకుంటే ఇంకా మేలు.