హెసరఘట్టలో పూసింది వయ్యారిభామ కాదు, సహదేవి

బెంగళూరు తెలుగువారి వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తెగ తిరుగుతోంది. నగర శివారులోని హెసరఘట్ట గడ్డిమైదానం నిండా ‘ఊదాపూల వయ్యారిభామ’ మొలిచిందనీ, అది విదేశీ మొక్క అనీ, దాని గాలి సోకితేనే ఉబ్బసం వస్తుందనీ, అందరం వెళ్లి పీకేసి ఆ బీడులో చెట్లు నాటుదామనీ దాని సారాంశం.

మొదటి మాటే తప్పు. జతచేసిన ఫొటోలో ఉన్నది సహదేవి. రెండూ చామంతి కుటుంబానివే గాని, పోలిక అంతటితో సరి. వయ్యారిభామ ఆకు క్యారెట్ ఆకులా చీలికలుగా ఉంటుంది, పూలు తెల్లనివి; ఊదారంగులో అది పూయనే పూయదు. సహదేవి ఆకు చీలదు, అంచున చిన్న పళ్లు మాత్రం ఉంటాయి. చొక్కా గుండీ కన్నా చిన్నదైన పూగుత్తి నొకదాన్ని అక్కడే విప్పి చూశాను: చామంతికుండే రేకుల వరుస లేదు, అన్నీ సన్నని గొట్టాల్లాంటి పూలే. ఎండిన గుత్తిని ఊదితే గింజలు తెల్లని నూగుతో లేచిపోయాయి. 1753లో లిన్నేయస్ దీనికిచ్చిన పేరులోని ‘సినీరియా’కు బూడిదరంగుది అని అర్థం, కాడను ఎండకు ఎత్తి చూస్తే ఆ పేరు ఎందుకో తెలుస్తుంది.

ఇక విదేశీ అన్న మాట. ఉష్ణ అమెరికా నుంచి వచ్చి 1950లలో పుణేలో కంటబడ్డది వయ్యారిభామ. ఇక్కడివారు కాంగ్రెస్ గిడ అనే ఆ మొక్కను అదుపు చేయడానికి మెక్సికో పెంకుపురుగును 1984లో వదిలింది ఈ బెంగళూరులోనే. సహదేవి ఆసియా, ఆఫ్రికాల సొంత మొక్క. కేరళవారు పవిత్రంగా చూసే పది మొక్కల్లో, అంటే దశపుష్పాల్లో, ఒకటి. తమాషా ఏమంటే, అమెరికాకు వెళ్లి కలుపుగా పేరుపడ్డది ఇదే.

దద్దుర్లకూ ఉబ్బసానికీ పేరుమోసింది వయ్యారిభామ. ఆ నింద దీనికి అంటగట్టారు. అయితే చామంతి కుటుంబపు మొక్కలు ఒంటికి పడనివారు సహదేవిని కూడా చేత్తో నలపకపోవడమే మేలు.

బీడు అన్న మాట అన్నిటికన్నా ప్రమాదకరం. అది బీడు కాదు, గడ్డినేల. గడ్డి ఎండలో బతికేది. దట్టంగా చెట్లు నాటి నీడ కప్పితే అది చస్తుంది, నేలమీదే గూడు పెట్టే పిట్టలూ పోతాయి. ఆ మైదానాన్ని సంరక్షణ ప్రాంతంగా ప్రకటించడానికి కర్ణాటక మంత్రివర్గం 2024లో ఆమోదించింది కూడా.

పీకాలన్న పట్టుదలే ఉంటే మీ వీధి చివర ఖాళీ స్థలంలో అసలు వయ్యారిభామ ఉండే ఉంటుంది; చేతులకు తొడుగులు వేసుకుని, పూతకు రాకముందే వేళ్లతో సహా లాగండి.