తుంటి నొప్పిని ఇంకెంతకాలం ఓర్చుకోవాలి?

"వీలైనంత కాలం ఓర్చుకోండి, ఆపరేషన్ ఎటూ చివర్లో ఉండనే ఉంది." తుంటి కీలు అరిగిందని తెలిసినవాళ్లకు ఇంట్లోనో బయటో ఎవరో ఒకరు తప్పకుండా ఇచ్చే సలహా ఇది. ప్రేమతోనే చెబుతారు. కానీ ఈ సలహా వల్ల చాలామందికి మేలు కన్నా చేటే ఎక్కువ జరుగుతోందని నా అభిప్రాయం. మంచం పట్టేదాకా ఆగడాన్ని జాగ్రత్త అనుకోకూడదు. అలాగని ఎక్స్‌రే చూసి కంగారుపడి వెంటనే కీలు మార్పిడి ఆపరేషన్‌కి తేదీ ఖాయం చేసుకోమనీ నేను చెప్పడం లేదు. వయసు, ఎక్స్‌రే రెండూ చూడాల్సిందే. అయితే అసలు తూకం వేయాల్సింది, ఆ మనిషి రోజూ చేసుకునే పనుల్లో ఏమేం వదులుకుంటున్నాడన్నది.

ముందు జబ్బు సంగతి చూద్దాం. తొడ ఎముక పైభాగం బంతిలా గుండ్రంగా ఉండి, కటి ఎముకలోని గుంటలో తిరుగుతుంది. రెండింటి మీదా నున్నని మృదులాస్థి పొర ఉంటుంది. మామూలుగా 'గుజ్జు అరిగింది' అని చెప్పుకునేది దీని గురించే. ఆ పొరలో నరాలు ఉండవు కాబట్టి అది పలచబడుతున్న తొలిరోజుల్లో మనకేమీ తెలియదు. రక్తనాళాలూ ఉండవు కాబట్టి పాడైతే తనంతట తాను బాగుపడే శక్తి దానికి దాదాపు లేదు. పొర పోయేకొద్దీ కింది ఎముక గట్టిపడుతుంది, ఎముక లోపల చిన్న తిత్తులు ఏర్పడతాయి, అంచుల్లో ముళ్లలా కొత్త ఎముక పెరుగుతుంది. కీలు లోపలి పొర వాస్తుంది, చుట్టూ ఉన్న కండరాలు నీరసిస్తాయి. అంటే పాడయ్యేది గుజ్జు ఒక్కటే కాదు, మొత్తం కీలు.

వయసు, బరువు, వంశపారంపర్యం, పాత దెబ్బలు - కారణాలు అందరికీ తెలిసినవే. అంతగా తెలియనిది ఏమిటంటే, కొంతమందిలో దీనికి బీజం చిన్నప్పుడే పడుతుంది. పుట్టుకతోనే గుంట లోతు తక్కువగా ఉండటం, బాల్యంలో పెర్తెస్ జబ్బు (బంతికి కొంతకాలం రక్తం అందక దాని ఆకారం చెడిపోవడం) రావడం, ఎదిగే వయసులో బంతి భాగం పక్కకు జారడం వంటివి ముప్పై, నలభై ఏళ్లకే తుంటిని అరగదీస్తాయి. స్టెరాయిడ్ మందులు ఎక్కువకాలం వాడినవాళ్లలో, మద్యం బాగా తాగేవాళ్లలో, సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య) జబ్బు ఉన్నవాళ్లలో బంతికి రక్తం అందక ఎముక చచ్చుబడి కుంగిపోవడం మరో దారి. ఇలాంటివాళ్లకి 'ఓర్చుకో' అన్న సలహా మరీ ప్రమాదం. గుంట లోతు తక్కువగా ఉన్నవాళ్లకి ఆ గుంట ఉన్న ఎముకను కోసి, సరైన కోణంలోకి తిప్పి బిగించే ఆపరేషన్ ఉంది. స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో సర్జన్ రైన్‌హోల్డ్ గాంజ్ 1984లో దాన్ని మొదలుపెట్టారు. సొంత కీలును ఏళ్ల తరబడి కాపాడుకునే అవకాశం అది. కానీ మృదులాస్థి ఇంకా బాగున్నప్పుడే అది పనికొస్తుంది. ఓర్చుకుంటూ కూర్చుంటే ఆ అవకాశం చేజారిపోతుంది.

గుర్తుపట్టడంలోనే చాలా కాలం వృథా అవుతుంది. తుంటి నొప్పి అని చెప్పి నడుము పక్కన చెయ్యి పెట్టి చూపించేవాళ్లలో చాలామందికి ఆ బాధ నడుము నుంచో, పక్కనున్న కండరాల నుంచో వస్తూ ఉంటుంది. నిజంగా తుంటి కీలు అరిగితే నొప్పి ఎక్కువగా గజ్జల్లో ఉంటుంది. తొడ ముందు భాగం గుండా మోకాలి దాకా కూడా పాకుతుంది. కొందరికి మోకాలే నొప్పి పుడుతుంది, తుంటి ఊసే ఉండదు. పాపం, నెలల తరబడి మోకాలికి కాపడాలు పెట్టుకుంటూ ఉంటారు. కీలు కదలికల్లో సాధారణంగా ముందు తగ్గేది కాలు లోపలివైపు తిరగడం. సాక్సు వేసుకోవడం, కాలిగోళ్లు తీసుకోవడం, బాసింపట్టు వేసుకుని కూర్చోవడం ఒక్కొక్కటిగా కష్టమవుతాయి.

మా బాబాయిని ఎప్పుడు అడిగినా "పర్లేదమ్మా, అంత నొప్పేం లేదు" అనేవాడు. ఒకరోజు ఆయన కారు ఎక్కుతుంటే చూశాను. ముందు వెనక్కి తిరిగి సీటు మీద కూర్చున్నాడు. తర్వాత కుడి తొడ కింద రెండు చేతులూ పెట్టి, కాలును ఎత్తి లోపల పెట్టుకున్నాడు. మొహంలో ఏ బాధా లేదు, అలవాటైపోయింది. ఇంట్లో వాకబు చేస్తే తెలిసింది: పొద్దున నడక మానేశాడు, మెట్లున్న చోటికి వెళ్లడం లేదు, రాత్రి పక్క మార్చినప్పుడల్లా మెలకువ వస్తోంది. నొప్పి తగ్గలేదు, నొప్పి రాని మేరకు జీవితాన్ని కుదించుకున్నాడు. పెద్దవాళ్ల విషయంలో చాలా ఇళ్లలో జరిగేది ఇదే. దూరాన ఉండి ఫోన్లో "నొప్పి ఎలా ఉంది?" అని అడిగితే మనకు నిజం తెలియదు. గత ఏడాది చేసిన పనుల్లో ఇప్పుడు ఏవి చేయడం లేదో అడగాలి, ఇంట్లో ఉన్న మరొకరిని కూడా అడగాలి.

ఎక్స్‌రే విషయంలోనూ ఒక మాట. కెల్‌గ్రెన్, లారెన్స్ అనే డాక్టర్లు 1957లో ప్రతిపాదించిన 0 నుంచి 4 దాకా గ్రేడ్లే ఈనాటికీ వాడుకలో ఉన్నాయి. 'ఎముకకు ఎముక రాసుకుంటోంది' అనేది నాలుగో గ్రేడు. కానీ గ్రేడుకీ బాధకీ ప్రతిసారీ లంకె ఉండదు. నాలుగో గ్రేడులో ఉండి కూడా హాయిగా నడిచేవాళ్లున్నారు, రెండో గ్రేడులోనే విలవిల్లాడేవాళ్లున్నారు. జబ్బు ముదిరే వేగం కూడా అందరికీ ఒకటి కాదు. కొందరికి ఏళ్ల తరబడి పెద్ద మార్పు ఉండదు, అరుదుగా కొందరికి నెలల్లోనే కీలు కుప్పకూలుతుంది. సినిమా స్క్రీన్ లాంటి తెల్లటి పెట్టె మీద ఫిల్ము చూసి మాత్రమే నిర్ణయం తీసుకోకూడదని అందుకే అంటున్నాను.

ఆపరేషన్‌కి ముందు చేయాల్సినవి ఉన్నాయి, వాటిని తేలిగ్గా తీసుకోకూడదు. ఫిజియోథెరపిస్టు నేర్పే వ్యాయామాలు, బరువు తగ్గడం, నొప్పి ఉన్న కాలికి ఎదురు చేతిలో కర్ర పట్టుకోవడం, ఇవన్నీ నిజంగా పనిచేస్తాయి. తొలిదశలో వీటితోనే ఏళ్లు నెట్టుకురావచ్చు. కానీ కీలు బాగా పాడయ్యాక వీటికి హద్దు ఉంది. 50 ఏళ్లు దాటి, తుంటి తీవ్రంగా అరిగినవాళ్లను రెండు గుంపులుగా చేసి ఒకరికి ఆపరేషన్, మరొకరికి బరువులతో వ్యాయామం ఇచ్చి పోల్చిన అధ్యయనం 2024లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఆరు నెలల తర్వాత, 48కి లెక్కగట్టే తుంటి స్కోరులో ఆపరేషన్ గుంపు 15.9 పాయింట్లు మెరుగుపడితే, వ్యాయామం గుంపు 4.5 పాయింట్లు మెరుగుపడింది. ఇంత తేడా ఉన్నప్పుడు 'ఇంకొన్నాళ్లు వ్యాయామం చేసి చూడండి' అని తీవ్రమైన జబ్బున్నవాళ్లని వెనక్కి పంపడం న్యాయం కాదు.

నొప్పి మాత్రలు ఏళ్ల తరబడి మింగడం కూడా ఉచితంగా వచ్చేది కాదు, కడుపులో పుండ్లు, కిడ్నీలకు హాని దాని ఖరీదు. స్టెమ్ సెల్ ఇంజెక్షన్లతో గుజ్జు మళ్లీ పెరుగుతుందన్న ప్రకటనలకు తగిన రుజువు లేదు. స్టెరాయిడ్ ఇంజెక్షన్ కొన్ని వారాలు ఉపశమనం ఇస్తుంది. అయితే అది వేయించుకున్న మూడు నెలల లోపు కీలు మార్పిడి చేస్తే ఇన్ఫెక్షన్ ముప్పు పెరుగుతుంది. ఆపరేషన్ ఆలోచన ఉన్నవాళ్లు ఆ సంగతి ముందే డాక్టర్‌కి చెప్పాలి.

ఇక మార్పిడి ఆపరేషన్, అంటే అరిగిన కీలు తీసేసి కృత్రిమ కీలు అమర్చడం. నేటి పద్ధతికి మూలపురుషుడు ఇంగ్లండ్‌లోని రైటింగ్‌టన్ ఆసుపత్రి సర్జన్ జాన్ చార్న్‌లీ. మొదట్లో ఆయన గుంట భాగంలో టెఫ్లాన్ అనే ప్లాస్టిక్ గిన్నెలు వాడారు. అవి తొందరగా అరిగి, ఆ పొడి చుట్టూ ఉన్న కణజాలాన్ని పాడుచేసింది. ఆ వైఫల్యాన్ని ఆయన దాచలేదు. 1962లో గట్టి పాలిథిలిన్ ప్లాస్టిక్ గిన్నె, చిన్న లోహపు బంతి, ఎముక సిమెంటుతో కొత్త పద్ధతి మొదలుపెట్టారు. 2007లో లాన్సెట్ వైద్య పత్రిక తుంటి మార్పిడిని 'శతాబ్దపు ఆపరేషన్' అని పేర్కొంది. దారిలో దెబ్బలూ తగిలాయి. లోహం మీద లోహం తిరిగే కొత్తరకం తుంటి ఎక్కువకాలం మన్నుతుందని ఊదరగొట్టారు. ఆ రకంలో ఒకదాన్ని 2010లో ప్రపంచమంతటా వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. అందుకే కొత్తది కావాలని పట్టుబట్టకండి. స్వీడన్ 1979 నుంచి అమర్చిన తుంటికీళ్ల రిజిస్ట్రీ (ఏ రకం ఎన్నాళ్లు మన్నిందో రాసిపెట్టే జాతీయ పట్టిక) నడుపుతోంది, తర్వాత చాలా దేశాలు అదే బాట పట్టాయి. 'మీరు పెట్టబోయే రకానికి రిజిస్ట్రీలో పదేళ్ల ఫలితం ఎలా ఉంది?' అని సర్జన్‌ని అడగడానికి మొహమాటపడొద్దు.

"పెట్టింది మళ్లీ అరిగిపోతే?" అన్న భయం అందరిదీ. 2019లో లాన్సెట్‌లో వచ్చిన లెక్క ప్రకారం అమర్చిన తుంటికీళ్లలో 15 ఏళ్లు మన్నేవి 89 శాతం, 20 ఏళ్లు మన్నేవి 70 శాతం, 25 ఏళ్లు మన్నేవి 58 శాతం. 2017లో వచ్చిన మరో అధ్యయనం చూస్తే, 70 దాటాక మార్పిడి చేయించుకున్నవాళ్లలో జీవితకాలంలో మళ్లీ ఆపరేషన్ అవసరమయ్యేది సుమారు 5 శాతానికి. అదే యాభైల తొలినాళ్లలో చేయించుకున్న మగవాళ్లకి 35 శాతం దాకా ఉంది. కాబట్టి యాభై ఏళ్లవాళ్లు ఆలోచించి అడుగు వేయడంలో అర్థముంది. డెబ్బై రెండేళ్ల మనిషిని 'మళ్లీ అరుగుతుంది, ఆగండి' అని ఆపడంలో అర్థం లేదు. పైగా ఆగేకొద్దీ కండ కరుగుతుంది, కీలు బిగుసుకుంటుంది. బాగా క్షీణించాక చేయించుకున్నవాళ్లు, ఆపరేషన్ చక్కగా జరిగినా, ముందుగా చేయించుకున్నవాళ్లంత చురుగ్గా తిరగలేకపోతున్నారు.

ప్రమాదాలు లేవని కాదు. కాళ్లలో రక్తం గడ్డకట్టడం, కీలు జారిపోవడం, కాళ్ల పొడవులో తేడా, నరం దెబ్బతినడం, నూటికి ఒకరికి అటూ ఇటూగా ఇన్ఫెక్షన్ - ఇవన్నీ నిజం. సుగర్ అదుపులో పెట్టుకోవడం, పొగ మానడం, పంటి చీము, చర్మం మీద పుండ్లు ముందే నయం చేయించుకోవడం మన చేతిలో ఉన్నవి.

ఇప్పుడు చాలామందిని ఆపరేషన్ రోజునో, మర్నాడో లేపి నడిపిస్తున్నారు. కొద్దిరోజుల్లోనే ఇంటికి పంపేస్తారు. అందుకే దూరం నుంచి వచ్చే పిల్లలకి నా సూచన ఒకటి: సెలవంతా ఆసుపత్రి రోజులకే ఖర్చుపెట్టకండి. అక్కడ నర్సులుంటారు. అసలు మనిషి సాయం కావాల్సింది ఇంటికొచ్చాక మొదటి రెండు మూడు వారాలు: టాయిలెట్ సీటు ఎత్తు పెంచాలి, కాలికి తగిలే చాపలు తీసేయాలి, మేజోళ్లు తొడగాలి, రక్తం పలచబడే మందు వేళకి ఇవ్వాలి, పిక్క వాచిందేమో, గాయం ఎర్రబడిందేమో రోజూ చూడాలి. నేల మీద కూర్చోవచ్చా, ఎప్పటి నుంచి అన్నది అమర్చిన కృత్రిమ కీలును బట్టి, సర్జన్ ముందు నుంచి కోశారా వెనక నుంచి కోశారా అన్నదాన్ని బట్టి మారుతుంది. దాన్ని డిశ్చార్జి రోజు హడావుడిలో కాకుండా ఆపరేషన్‌కి ముందు కన్సల్టేషన్‌లోనే అడిగి రాయించుకోండి.