నూనె గిన్నెని దాచకండి

మొన్న మన సంఘం ఆరోగ్య సదస్సులో ప్రశ్నల సమయానికి ఒక పెద్దావిడ లేచి, "ఆపరేషనై నెల దాటింది బాబూ, నడుము పట్టేసి కూర్చోలేకపోతున్నాను. నూనె మర్దన చేయించుకోవచ్చా?" అని అడిగారు. వేదిక మీది డాక్టరుగారు, "ఇంకా ఆ కాలంలోనే ఉన్నారా అమ్మా?" అని నవ్వారు. హాలంతా నవ్వింది. ఆవిడ మైకు పక్కవాళ్ళ చేతిలో పెట్టి కూర్చుండిపోయారు. కార్యక్రమం అయ్యాక ఇంకొకాయన ఆవిడని పక్కకి పిలిచి, ఏ ఆపరేషనో, ఏ మందులు వాడుతున్నారో అడక్కుండానే గుగ్గులు అనే ఆయుర్వేద మాత్రల పేరు చీటీ మీద రాసిచ్చారు. ఆ నవ్వు నన్ను ఎంత గుచ్చిందో, ఈ చీటీ అంత భయపెట్టింది.

అలాంటి మాత్రలే నేనూ మింగాను. గర్భసంచి తీసేశాక నన్ను ఎక్కువ బాధపెట్టింది కుట్లు కాదు, నడుము. కుట్లు లాగుతాయన్న భయంతో వంగి నడవడం, ఒకే పక్కకి పడుకోవడం, పొట్ట కండరాలు మోయాల్సిన బరువంతా వెన్ను మీద పడటం. బిళ్ళ వేసుకుంటే మగతొచ్చేది గానీ పట్టు వదిలేది కాదు. సాయంత్రమయ్యేసరికి మా అత్తయ్య మహానారాయణ తైలం గిన్నెని వేడినీళ్ళలో పెట్టి, మణికట్టు మీద ఒక చుక్క వేసుకుని వేడి చూసుకునేవారు. నన్ను పక్కకి తిప్పి, పొట్ట జోలికి పోకుండా, వెన్నుకి అటూ ఇటూ అరచేత్తో నెమ్మదిగా రాసేవారు. ఆ తర్వాత వేణ్ణీళ్ళలో ముంచి పిండిన తువ్వాలుతో కాపడం. ఆయుర్వేదంలో అభ్యంగం (నూనె మర్దన), స్వేదం (కాపడం) అంటే ఏమిటో నాకు తెలిసింది అప్పుడే. అవి అయ్యాకే నిటారుగా నాలుగడుగులు వేయగలిగేదాన్ని.

పదో రోజున కాళ్ళకి రాస్తూ అత్తయ్య చెయ్యి ఆగిపోయింది. "అమ్మాయ్, ఈ పిక్క వేడిగా ఉందేమే? రెండోదానికంటే లావుగా కూడా ఉంది." గిన్నె పక్కన పెట్టేసి, ముందు ఆసుపత్రికి ఫోన్ చెయ్యమన్నారు. సిరలో రక్తం గడ్డకట్టిందని స్కాన్‌లో తేలింది. ఆ పిక్కని గట్టిగా పిసికి ఉంటే గడ్డ కదిలి ఊపిరితిత్తులకి చేరే ప్రమాదం ఉండేది. రక్తం పల్చబడే మందు రాస్తూ "ఇంకేమైనా వాడుతున్నారా?" అని డాక్టరుగారు అడిగితే, తిడతారని "లేదండీ" అన్నాను. అత్తయ్యే సంచిలోంచి గుగ్గులు సీసా, పసుపుతో చేసిన మాత్రల సీసా తీసి బల్ల మీద పెట్టారు. ఆ మందుతో కలిస్తే రక్తస్రావం పెరగవచ్చని ఆయన రెండూ ఆపించారు. నూనె మాత్రం మానమనలేదు. ఆ కాలికి వద్దు, గాయం మీద వద్దు, నడుముకి రాసుకోండి అన్నారు.

మన పెద్దల శాస్త్రం కూడా గుడ్డిగా రాసెయ్యమనలేదు. అజీర్ణం ఉన్నవాళ్ళకి, వమనం, విరేచనం లాంటి శోధన చికిత్స అయినవాళ్ళకి అభ్యంగం తగదని అష్టాంగహృదయం అనే ఆయుర్వేద గ్రంథం చెప్పింది. ప్రాచీన శస్త్రవైద్యుడు సుశ్రుతుడు వ్రణానికి (గాయానికి) 60 ఉపక్రమాలు, అంటే చికిత్సా పద్ధతులు, చెప్పాడు, ఏ దశకి ఏది తగునో చూసి మరీ చెయ్యమన్నాడు. నడుము మీద మినపపిండితో కట్ట కట్టి గోరువెచ్చని తైలం నిలిపే కటివస్తి హాయినిచ్చే చికిత్సే, కానీ అది కుట్లు పూర్తిగా మానాక, సర్జన్ సరేనన్నాక, చదువుకున్న వైద్యుడి దగ్గర చేయించుకోవాల్సింది. మాత్రల సంగతి ఇంకా జాగ్రత్త. 2008లో అచ్చయిన ఒక అధ్యయనంలో ఇంటర్నెట్‌లో కొన్న 193 ఆయుర్వేద ఉత్పత్తులని పరీక్షిస్తే, దాదాపు ఐదో వంతులో సీసమో, పాదరసమో, ఆర్సెనిక్కో బయటపడింది. జ్వరం వచ్చినా, గాయం ఎర్రబడి చీము పట్టినా, కాలు మొద్దుబారినా, మూత్రం ఆగినా నూనె కోసం వెతకొద్దు, ఆసుపత్రికి వెళ్ళండి.

డాక్టర్లకి నా విన్నపం ఒక్కటే: నవ్వకండి. మీరు నవ్విన ప్రతిసారీ ఇంకో సీసా సంచి అడుగుకి పోతుంది. కార్యవర్గానికి ఇంకొకటి: వచ్చే సదస్సులో ఒక సర్జన్‌నీ, ఒక ఆయుర్వేద వైద్యుణ్ణీ పక్కపక్కన కూర్చోబెట్టండి. ఆ పెద్దావిడని నేను తీసుకొస్తాను. మొదట మైకు ఆవిడకే ఇవ్వండి.